మానుకోట నుంచి జాగ్రెబ్ ఎంత దూరం?

"నువ్వు ఫుట్‌బాల్ ఆడెటోనివి కదరా మామా. ఒక్కసారి వచ్చి మా చెల్లె ఆట చూసిపో."

ఫిబ్రవరిలో ఒక రాత్రి, క్లయింట్ కాల్‌లో మ్యూట్ పెట్టుకుని కూర్చున్నప్పుడు వచ్చిన వాయిస్ మెసేజ్ ఇది. పంపినవాడు బీటెక్ నాలుగేళ్లూ నా రూమ్మేట్. వాడిది మహబూబాబాద్ దగ్గర తండా. బోర్డుల మీద మహబూబాబాద్ అనే ఉంటుంది గానీ, చుట్టుపక్కల ఎవరిని అడిగినా మానుకోట అంటారు. నేనూ అదే రాస్తాను.

చెల్లెకి పద్నాలుగేళ్లు. ఫార్వర్డ్ ఆడుతుంది. ఆదివారం భూపాలపల్లిలో అండర్-15 అమ్మాయిల టోర్నీ ఉంది. ఇంట్లో ఎవరికీ తీరిక లేదు, మిర్చి ఏరే రోజులు. "మీ నాయిన కారు జనగామల ఉత్తగనే ఉంటది కదా..." అని వాడు నసిగాడు. అదీ అసలు సంగతి.

శుక్రవారం రాత్రి హైదరాబాద్ నుంచి బస్సెక్కాను. పెంబర్తి రాగానే నాకు మెలకువ వచ్చేస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ఇత్తడి పనికి పేరున్న ఊరది. అది దాటితే జనగామ, మా ఇల్లు. పొద్దున్నే లేచి ధర్మకంచ గ్రౌండ్‌కి వెళ్లాను. ఒకే గ్రౌండ్‌లో ఆరు క్రికెట్ మ్యాచ్‌లు నడుస్తున్నాయి. ఎవరి బాల్ ఎవరి ఫీల్డర్ పడుతున్నాడో వాళ్లకే తెలియాలి. ఫుట్‌బాల్ ఒక్కటీ కనిపించలేదు.

తొమ్మిదో తరగతిలో ఇక్కడే నేను రైట్ వింగ్ ఆడాను. టెన్త్ అయ్యాక ఇంటర్‌కి హైదరాబాద్‌లో ఒక హాస్టల్లో పడేశారు. అక్కడ గ్రౌండ్ అంటే బస్సుల పార్కింగే. బ్యాగులో దాచి తీసుకెళ్లిన బంతిని వార్డెన్ బీరువాలో పెట్టి తాళం వేశాడు. రెండేళ్లయ్యాక హాస్టల్ ఖాళీ చేసినరోజు కూడా నేను దాన్ని అడగలేదు. మర్చిపోయి కాదు, అడగాలనిపించలేదు. మా నాన్న అప్పట్లో ఒకటే అనేవాడు: "ఆడితే ఏమొస్తది రా?" నా దగ్గర జవాబు లేదు. పేరు చెప్పడానికి ఒక్క మనిషి కూడా లేడు. ఒకప్పుడు హైదరాబాద్ పోలీస్ టీమ్ అంటే దేశమంతా భయపడేదనీ, మన రహీమ్ సాబ్ కోచింగ్‌లో ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ సాధించిందనీ నాకు తెలిసింది చాలా తర్వాత. 'మైదాన్' సినిమా వచ్చేదాకా మా బ్యాచ్‌లో సగంమందికి ఆయన పేరే తెలియదు.

ఇప్పుడు పదిహేనేళ్ల పిల్లని ఆ ప్రశ్న అడిగితే చెప్పడానికి ఒక పేరుంది. గుగులోతు సౌమ్య.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. 2001లో పుట్టింది. నిజామాబాద్ జిల్లాలో ఒక తండా, రైతు కుటుంబం. మొదట్లో పరుగు పందేల పిల్ల. ఆ వేగం చూసి కోచ్ ఆమెని ఫుట్‌బాల్‌లోకి తెచ్చారు. అక్కడి నుంచి ఇండియా జట్టు దాకా వచ్చింది. 2022లో గోకులం కేరళ ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉంది. అదే ఏడాది ట్రయల్స్‌కి క్రొయేషియా వెళ్లి, డైనమో జాగ్రెబ్ క్లబ్‌తో కాంట్రాక్ట్ సంతకం చేసింది. ఆమెతోపాటు మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్ కూడా. డైనమో జాగ్రెబ్ అంటే లుకా మోద్రిచ్ ఆడి పైకొచ్చిన క్లబ్. రియల్ మాడ్రిడ్ జెర్సీలో మోద్రిచ్ స్టిక్కర్ అంటించుకున్న బైకులు జనగామలో కూడా ఉన్నాయి. ఆ క్లబ్ మహిళల జట్టులో మన తండా పిల్ల.

శనివారం మధ్యాహ్నం కారు తీశాను. జనగామ నుంచి పాలకుర్తి, తొర్రూరు మీదుగా మానుకోట. పాలకుర్తి అనగానే పెద్దవాళ్లకు సోమనాథుడు, కొంచెం కిందితరానికి చాకలి ఐలమ్మ. పక్కనే పోతన ఊరు బమ్మెర. ఇన్ని పెద్ద పేర్లున్న రోడ్డు మీద నేను మాత్రం గుంతలు చూసుకుంటూ పోయాను. తొర్రూరు దాటాక ఆటల మనిషికి ఇంకో పేరు గుర్తు రావాలి. ఆ చుట్టుపక్కలదే పర్వతగిరి మండలం, అందులో కల్లెడ. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బాణం వేసిన వర్ధినేని ప్రణీత ఊరు అదే. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన జీవంజి దీప్తి ఊరూ అదే. ఒక్క పల్లె నుంచి ఇద్దరు. మా జనగామ టౌన్ మొత్తం ఆలోచించుకోవాల్సిన లెక్క ఇది.

తండా చేరేసరికి ఎండ వాలుతోంది. కల్లం నిండా మిర్చి. ఎర్రగా, చూపు ఆనినంత మేర. కారు దిగీదిగగానే తుమ్ములు. ఫ్రెండ్ వాళ్లమ్మ నవ్వి, "మీ పట్నపోళ్లకు ముక్కులు నాజూకు బిడ్డా" అని మంచినీళ్లిచ్చింది. చెల్లె కల్లం అవతలి అంచున ఉంది, తాలుకాయలు వేరు చేస్తూ. నన్ను చూసి లేచింది గానీ పలకరించలేదు. లోపలికి పోయి సబ్బుతో చేతులు కడుక్కుని, కొబ్బరినూనె రాసుకుని, మళ్లీ కడుక్కుని వచ్చింది.

"ఎందుకట్ల రెండుసార్లు?"

"ఆటల చెమట పడితే తుడుసుకుంటం కదన్నా. మిర్చి చేతులతోని కండ్లు తుడుసుకుంటే ఇగ గోల్ గాదు, ఏం కనవడదు."

ఏ కోచింగ్ మాన్యువల్‌లోనూ ఉండని జాగ్రత్త ఇది. 

తండా చివర సేవాలాల్ గుడి పక్కన ఖాళీ జాగా ఉంది. అక్కడ వాలీబాల్ నెట్ కడతారు. నెట్ తీసేసి రెండు ఇటుకలు పెట్టి, ఆ పిల్లా నలుగురు తమ్ముళ్ల వరస పిల్లలూ ఆట మొదలుపెట్టారు. నేనూ దిగాను. ఐదు నిమిషాలకు ఆయాసం. మొదటి పది అడుగుల్లోనే ఆమె నన్ను దాటేస్తోంది, బంతి మాత్రం కొంచెం దూరంగా పోతోంది. కాలికి అతుక్కోవడం ఇంకా రావాలి. ఎడమకాలు దాదాపు లేదు. కానీ బంతి రాకముందే తల తిప్పి వెనక ఎవరున్నారో చూసుకుంటోంది. అది నాకు ఎవరూ నేర్పలేదు, ఆమెకీ నేర్పినవాళ్లు లేరు. స్కూల్లో పీఈటీ సార్ బంతి ఇచ్చి, నియమాలు చెప్పి వదిలేశారట. మిగతాదంతా ఫోన్‌లో చూసి నేర్చుకున్నదే.

రాత్రి జొన్నరొట్టె, కోడికూర. తింటూ ఉండగా ఆమె ఫోన్‌లో ఒక రీల్ చూపించింది. అమెరికా ఆటగాడు క్రిస్టియన్ పులిసిచ్, పదహారేళ్లకే జర్మనీ క్లబ్‌కి పోయాడని.

"అన్నా, నాకు పద్నాలుగు. ఇంక రెండేండ్లల్ల పోవచ్చా మరి?"

ఇక్కడ నేను కొంచెం ఆగాల్సి వచ్చింది. ఎందుకంటే ఆ రీల్‌లో చెప్పని సంగతి ఒకటుంది.

పులిసిచ్ 1998లో పెన్సిల్వేనియాలోని హెర్షీలో పుట్టాడు. చాక్లెట్ కంపెనీ ఊరు. 2015లో బొరుసియా డోర్ట్‌మండ్‌కి వెళ్లాడు, పదిహేడేళ్లకి బుండెస్‌లీగాలో దిగాడు. 2019లో చెల్సీ అతని కోసం 64 మిలియన్ యూరోలు పెట్టింది. 2021లో చాంపియన్స్ లీగ్ గెలిచాడు, 2023 నుంచి ఏసీ మిలాన్. ఇదంతా కాళ్ల మహిమే. అయితే మామూలుగా ఫిఫా రూల్ ప్రకారం పద్దెనిమిది నిండని ఆటగాడు ఇంకో దేశం క్లబ్‌కి మారకూడదు. చిన్నపిల్లల్ని ఆశపెట్టి తీసుకెళ్లి రోడ్డున వదిలేసే ఏజెంట్లకు అడ్డుకట్టగా పెట్టిన రూల్. మినహాయింపులు కొన్నే. అందులో ఒకటి, యూరోపియన్ యూనియన్ లోపల పదహారుకే మారొచ్చు. పులిసిచ్ వాళ్ల తాత క్రొయేషియాలోని ఒలిబ్ అనే దీవి నుంచి వచ్చినవాడు. తాత పేరు మీద మనవడికి క్రొయేషియా పాస్‌పోర్ట్ వచ్చింది. పదహారేళ్లకి అతన్ని జర్మనీలో ఆడించింది ఆ చిన్న పుస్తకమే. అమెరికాలో అతనంత ఆడే పిల్లలు, తాతలు సరైన దీవిలో పుట్టని పిల్లలు, పద్దెనిమిది దాకా ఆగాల్సిందే.

అంటే మన అమ్మాయి పద్దెనిమిదికి ముందు పోలేదు. సౌమ్య వెళ్లేటప్పటికి ఇరవై దాటింది. పైగా ఆ 2022 ఎలాంటి ఏడాదో చూడండి. ఆగస్టులో ఫిఫా మన ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేసింది, బయటివాళ్ల జోక్యం ఎక్కువైందని. అప్పటికే గోకులం కేరళ అమ్మాయిలు ఆసియా క్లబ్ టోర్నీకి తాష్కెంట్ చేరుకున్నారు. ఒక్క మ్యాచ్ ఆడకుండానే తిరిగొచ్చారు. పది రోజులు దాటాక సస్పెన్షన్ ఎత్తేశారు, టోర్నీ మాత్రం పోయింది. వాళ్ల తప్పేమీ లేదు. ఎక్కడో ఒక కాగితం.

ఫ్రెండ్ వాళ్ల నాన్న అంతా విని, బీడీ వెలిగించుకుంటూ అడిగాడు. "మరి ఆ పిల్ల అంత దూరం పోయింది గదా, మళ్ల ఎందుకొచ్చినట్టు?"

ఈ ప్రశ్న నాకు నచ్చింది, ఎందుకంటే జవాబు నా ఉద్యోగంలోనే ఉంది. మా టీమ్‌లో ఆన్‌సైట్ వెళ్లి ఏడాదికో, ఆర్నెల్లకో తిరిగొచ్చినవాళ్లు నలుగురున్నారు. వాళ్లని ఎవరూ ఓడిపోయారనరు. పైగా ప్రమోషన్ వాళ్లకే ముందు వస్తుంది. సౌమ్య వెనక్కి వచ్చి మళ్లీ ఇండియన్ లీగ్‌లో ఆడింది. తర్వాత ఈస్ట్ బెంగాల్‌కి మారింది. 2025 ఏప్రిల్‌లో ఈస్ట్ బెంగాల్ మొదటిసారి మహిళల లీగ్ గెలిచింది. టైటిల్ ఖాయం చేసిన మ్యాచ్ ఒడిశా ఎఫ్‌సీతో, స్కోర్ 1-0, ఆ ఒక్క గోల్ ఆమెదే. ఆ సీజన్‌కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఆమెకే ఇచ్చారు. అదే ఏడాది జూన్-జూలైలో థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో ఏషియన్ కప్ క్వాలిఫయర్స్ జరిగాయి. మంగోలియా మీద ఇండియా 13-0తో గెలిస్తే అందులో రెండు గోల్స్ సౌమ్యవి. చివరి మ్యాచ్‌లో థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి, ఇండియా అమ్మాయిలు తొలిసారి క్వాలిఫయర్స్ గెలిచి ఏషియన్ కప్‌కి వెళ్లారు.

జాగ్రెబ్‌లో ఉన్నది తక్కువ కాలమే కావచ్చు. అక్కడికి వెళ్లకపోతే ఇవన్నీ జరిగేవా, జరగవా అని నేను చెప్పలేను. కానీ వెళ్లి రావడం కెరీర్‌లో ఒక మెట్టు, అంతే. మనమే ఎయిర్‌పోర్ట్ ఫోటో దగ్గర కథ ఆపేస్తాం.

"ఇంటిపేరు మనదే," అంది వాళ్లమ్మ, గిన్నెలు తీస్తూ. ఆ తండాలో సగం ఇళ్లు గుగులోతు వాళ్లవే.

ఆదివారం నాలుగున్నరకే బయల్దేరాం. గూడూరు, నర్సంపేట, మల్లంపల్లి, ములుగు. ఫ్రెండ్ ముందు సీట్లో నిద్ర, చెల్లె వెనక సీట్లో బూట్లు ఒళ్లో పెట్టుకుని మెలకువగా. స్టడ్స్ అరిగిపోయిన బూట్లు, అన్న మొదటి జీతంతో కొన్నవి. ఒక సైజు పెద్దవి కావడంతో రెండు జతల సాక్సులు. గణపురం దగ్గర తెల్లారింది. కోటగుళ్ల దగ్గర ఐదు నిమిషాలు ఆగాం. కాకతీయుల నాటి గుడి, సగం కూలింది, మిగిలిన సగమే మనిషిని నిలబెట్టేస్తుంది. టీ ఎక్కడా దొరకలేదు. రామప్ప దాకా వచ్చే జనంలో పదోవంతు ఇటు తిరిగినా ఒక టీ కొట్టు బతికేది. ఆ తర్వాత చెల్పూరు థర్మల్ ప్లాంట్ చిమ్నీలు, అటుపైన బొగ్గు లారీల వరస. భూపాలపల్లి.

సింగరేణి ఊళ్లకి ఒక సుగుణం ఉంది. కాలనీ కట్టినచోట గ్రౌండ్ కూడా వదిలారు. మా జనగామలో ఆరు మ్యాచ్‌లు ఒకే చోట ఇరుక్కున్న దృశ్యం ఇక్కడ లేదు. నేల కొంచెం నల్లగా ఉంది, పడితే మోకాలు గీసుకుపోయి బొగ్గు రంగు వస్తుంది. గోల్‌పోస్టులకి నెట్లు లేవు గానీ పోస్టులు మాత్రం నిజమైన ఇనుప పోస్టులు. చుట్టూ రాత్రి షిఫ్ట్ దిగి నిద్రపోకుండా వచ్చిన కార్మికులు. ఆట తెలిసినవాళ్లు. తప్పు పాస్ ఇస్తే మూలుగుతారు, మంచి పాస్‌కి చప్పట్లు కొడతారు, గోల్ కానవసరం లేదు.

రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర ఆగిపోయాం.

ఆధార్‌లో ఆమె పుట్టిన తేదీ 1 జనవరి 2010. స్కూల్ రికార్డులో జూన్ 2011. తండాల్లో, పల్లెల్లో ఇది కొత్తకాదు. ఆధార్ ఎక్కించిన రోజు తారీఖు చెప్పలేకపోతే జనవరి ఒకటి పడిపోతుంది. స్కూల్లో వేసేటప్పుడు బడి తెరిచే నెల పడుతుంది. మా ఫ్రెండ్‌దీ జనవరి ఒకటే. కాలేజీలో న్యూ ఇయర్ నాడు వాడి చేత కేక్ కోయించి ఏడిపించేవాళ్లం. ఇప్పుడది జోక్‌లా అనిపించలేదు. ఆధార్ లెక్కన ఆమె అండర్-15 కాదు.

టేబుల్ దగ్గరున్నాయన మంచివాడే. "అమ్మా, నేను ఆడిస్తే రేపు ఇంకో టీమ్ వాళ్లు కంప్లైంట్ ఇస్తరు. బర్త్ సర్టిఫికెట్ ఉంటే తేండి," అన్నాడు. లేదు. చివరికి వయసు లెక్కలేని ఓపెన్ విభాగంలో ఒక జట్టుకి మనిషి తక్కువైతే సబ్‌స్టిట్యూట్‌గా తీసుకున్నారు. అందులో అందరూ పద్దెనిమిది, ఇరవై ఏళ్లవాళ్లు.

సెవెన్-ఎ-సైడ్. సెకండ్ హాఫ్‌లో పన్నెండు నిమిషాలు ఆడింది. మొదటి ఐదు నిమిషాలు బంతే అందలేదు, పెద్దపిల్లలు భుజంతో నెట్టేస్తున్నారు. ఒకసారి పడింది. లేచి అలవాటుగా కళ్లు తుడుచుకుంది. నేను గట్టిగా ఊపిరి బిగబట్టాను, తర్వాత రెండుసార్లు కడుక్కున్న చేతులు గుర్తొచ్చాయి. ఎనిమిదో నిమిషంలో మధ్యలో బంతి పడగానే తల వెనక్కి తిప్పి చూసి, తాకకుండానే కాళ్ల మధ్య నుంచి వదిలేసింది. వెనక వస్తున్న అమ్మాయి దాన్ని అందుకుని గోల్ కొట్టింది. పేపర్ మీద ఆ గోల్‌లో ఈమె పేరు ఎక్కడా ఉండదు. కానీ గట్టు మీదున్న ఒక పెద్దాయన, టిఫిన్ డబ్బా ఇంకా చేతిలోనే ఉంది, "ఎవల్రా ఆ పిల్ల?" అని అడిగాడు. ఆ మాట చెల్లెకి వినపడలేదు. తిరుగు దారిలో నేను చెప్పాను. మళ్లీ చెప్పమంది. మూడుసార్లు చెప్పాను.

వాళ్ల జట్టు సెమీస్‌లో ఓడింది. బయల్దేరేముందు ఒక కోచ్ వచ్చి ఫోన్ నంబర్ తీసుకున్నారు. ఎండాకాలంలో హైదరాబాద్‌లో సెలక్షన్ ట్రయల్స్ ఉంటాయని, వయసు పేపర్లు లేకుండా మాత్రం రావద్దని చెప్పారు. "కాళ్లు బాగున్నయి. కాగితాలు చూసుకోండి" అన్నారు.

నాకు ఆటలో ఆమెకి నేర్పడానికి ఏమీ లేదు. ఎడమకాలు వాడమని చెప్పాను, అది ఎవరైనా చెప్తారు. కానీ ఫారాలు నింపడం, డేటా ఎక్కడ తప్పిందో వెతకడం నా రోజువారీ పని. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయిస్తే ఏ గొడవా ఉండదు. ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు కావాలి. దానికి ఆధారాలు జతచేయాలి. ముందు బర్త్ సర్టిఫికెట్, దాన్ని బట్టి ఆధార్, స్కూల్ రికార్డు, ఆ తర్వాతే పాస్‌పోర్ట్. ఈ వరస తప్పితే మళ్లీ మొదటికి.

రాత్రి తండాలో, కల్లం పక్కన నులకమంచం మీద లాప్‌టాప్ తెరిచాను. చుట్టూ ఘాటు. మొదటి గడి దగ్గరే చిక్కు. అసలు తేదీ ఏది?

"జూన్ గాదు, జనవరి గాదు బిడ్డా," అంది వాళ్లమ్మ. "తీజ్ మొలకలు నీళ్లల్ల కలిపిన తెల్లారి పుట్టింది. ఇంట్లనే. మంత్రసాని పురుడు పోసింది."

"ఏ యేడు అమ్మా?"

"సకల జనుల సమ్మె యేడు."

అంటే 2011, ఆగస్టు. అంగన్‌వాడీలో టీకాల కార్డు ఏమైనా మిగిలిందేమో అడగాలి, స్కూల్ హెడ్‌మాస్టర్‌ని కలవాలి, ఆ యేడు తీజ్ ఏ రోజున ముగిసిందో తండా పెద్దమనిషి దగ్గర కనుక్కోవాలి. ఒక్కొక్కటే రాసుకున్నాను. చెల్లె వెనకాల చీకట్లో గోడకేసి బంతి కొడుతోంది. ఎడమకాలితో. ప్రతి మూడో దెబ్బకి బంతి మిర్చిలోకి పోతోంది, వాళ్ల నాన్న తిడుతున్నాడు.

కిందికి దిగితే ఇంకో గడి. ఆలస్యానికి కారణం.

అడిగాను. వాళ్లమ్మ కొంచెంసేపు ఆలోచించింది.

"పురుడు తీరి నేను బయటికొచ్చేసరికి సమ్మె మొదలాయె. బస్సులు బంద్, ఆఫీసులు బంద్. అందరూ ధర్నాల కూసున్నరు, మేము గూడ పోయినం, సంకల ఈ పిల్లనేసుకోని. తర్వాత ఇగ ఎవ్వలకు యాదికుంటది?"

గడిలో రెండు లైన్లే పడతాయి. 'సకల జనుల సమ్మె' అని టైప్ చేశాను.